ఆదాయం రెండు... రాజపూజ్యం ఎంత?

వ్యాపారం కలిసిరాని ఏడాదిని ఏ కొలతతో కొలవాలి? గల్లాపెట్టెలో మిగిలిన నోట్లతోనేనా? మగ్గాన్ని నమ్ముకున్న నల్గొండ, పాలమూరు పల్లెలు ఆ ప్రశ్నకు వేరే జవాబు చెబుతాయి.

2020 మార్చి 25. ఉగాది పండగ. కొత్త సంవత్సరం పేరు శార్వరి. శార్వరి అంటే రాత్రి. పేరుకు తగ్గట్టే ఆ రోజు దేశమంతా తలుపులు బిడాయించుకుంది. కరోనా లాక్‌డౌన్ దేశవ్యాప్తంగా మొదలైంది సరిగ్గా ఆ పండగనాడే. ఇంట్లో ఉగాది పచ్చడి తింటూ టీవీలో పంచాంగ శ్రవణం విన్నవాళ్లు ఎప్పటిలాగే తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చూసుకున్నారు.

నిజానికి ఆ పట్టికలో గడులు రెండు కాదు, నాలుగు. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. మొదటి రెండూ డబ్బు లెక్క. తర్వాతి రెండూ మనిషి లెక్క. జాతకాల మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ పట్టిక గీసినవారి ఆలోచన మాత్రం గట్టిది. ఒక ఏడాది ఎలా గడిచిందో చెప్పడానికి రాబడి, ఖర్చు రెండే చాలవని వాళ్లకు తెలుసు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని వచ్చినా రాజపూజ్యం ఆరు ఉంటే ఆ ఇంటాయన ముఖంలో కాస్త వెలుగు కనిపిస్తుంది.

దుకాణం లెక్కల పుస్తకంలో ఆ మూడో గడి, నాలుగో గడి ఉండవు. అందుకే నష్టం వచ్చిన ఏడాది 'ఏమీ సాధించలేదు' అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. ఆ మాట అబద్ధమని మగ్గం తెలిసినవాళ్లు చెబుతారు.

పడుగు లేని మగ్గం

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఒకప్పుడు నల్గొండ జిల్లా ఊళ్లు. 2016లో జిల్లాలు విడదీశాక యాదాద్రి భువనగిరిలోకి వెళ్లాయి. గద్వాల, నారాయణపేట ఉమ్మడి మహబూబ్‌నగర్‌వి. ఇప్పుడు రెండూ వేర్వేరు జిల్లా కేంద్రాలు. హద్దులు మారినా ఈ ఊళ్లను కలిపే దారం ఒక్కటే... చేనేత.

ఒక్కో ఊరిది ఒక్కో పనితనం. పోచంపల్లిలో నూలును ముందే కట్లు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేస్తారు. మనవాళ్లు చిటికి అనే ఈ పద్ధతినే ప్రపంచం ఇకత్ అంటుంది. ఆ మాట మలయ్, ఇండోనేషియా భాషల నుంచి వచ్చింది. కట్టడమనే దాని అర్థం. గద్వాలలో చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ అతుకు కనబడకుండా కలపడంలోనే ఉంది విద్యంతా. నారాయణపేటలో గళ్ల చీర, గుడి గోపురం లాంటి అంచు. అక్కడ మగ్గానికి ఒకసారి పడుగు ఎక్కిస్తే ఎనిమిది చీరలు దిగుతాయి. అంటే నేతన్నకు కాలం నెలల్లో నడవదు, పడుగుల్లో నడుస్తుంది.

ఈ నడక ఎక్కడ ఆగుతుందో చూస్తే చేనేతలో కష్టకాలమంటే ఏమిటో అర్థమవుతుంది. చాలామంది నేతగాళ్లకు నూలు ఇచ్చేది మాస్టర్ వీవర్ లేదా సహకార సంఘం. నేసి ఇస్తే మజూరీ ముడుతుంది. చీర అమ్ముడుపోతేనే సావుకారు చేతికి డబ్బు వస్తుంది, డబ్బు వస్తేనే తర్వాతి పడుగుకు నూలు వస్తుంది. మధ్యలో ఒక్క లింకు తెగినా మగ్గం ఖాళీ. కొట్టు యజమానికి నష్టం కాగితం మీద కనిపించే అంకె. నేత ఇంట్లో మాత్రం అది నట్టింట్లో పడుగు లేకుండా నిలబడ్డ కొయ్య చట్రం.

2020లో జరిగింది అదే. ఏప్రిల్, మే నెలలంటే పెళ్లిళ్ల కాలం. పట్టుచీర అమ్ముడయ్యేది అప్పుడే. ముహూర్తాలు వాయిదా పడ్డాయి. జరిగిన పెళ్లిళ్లూ పదిమందితో సరిపెట్టుకున్నాయి. ఎగ్జిబిషన్లు లేవు, షోరూముల తలుపులు తెరుచుకోలేదు. నేసిన చీరలు బీరువాల్లో, సంఘాల గోదాముల్లో పేరుకుపోయాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం నేతన్నకు చేయూత పేరుతో పొదుపు పథకం పెట్టింది. నేతగాడు మజూరీలో 8 శాతం దాచుకుంటే ప్రభుత్వం దానికి రెట్టింపు, అంటే 16 శాతం జమచేసేది. ఆ సొమ్మును గడువుకు ముందే తీసుకోవడానికి 2020లో అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. రేపటి కోసం దాచింది ఇవాళ్టి బియ్యానికి పనికొచ్చింది.

ఆదాయం గడి చూస్తే శార్వరి నిజంగా చీకటే. మరి మూడో గడి?

చీకట్లోనే వచ్చిన గుర్తింపు

అదే 2020లో, లాక్‌డౌన్ సాగుతున్న మే నెలలోనే పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కిన కబురు వచ్చింది. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసే బట్ట అది. నూనె వాసన పోదు కాబట్టే తేలియా అన్న పేరు. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లేది. ఎండలో తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుందని అక్కడివాళ్లు ఇష్టపడేవారు. కాలక్రమంలో ఆ గిరాకీ పోయింది. నేసే చేతులూ తగ్గాయి.

ఆ విద్యను పట్టు వదలకుండా నిలబెట్టుకున్న ఊరు పుట్టపాక. అక్కడి గజం గోవర్ధన రుమాలు చతురాన్ని చీరలకు, దుపట్టాలకు విస్తరించి 2011లో పద్మశ్రీ అందుకున్నారు. అదే కళలో గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. గిరాకీ లేని రోజుల్లో 'ఈ బట్ట ఎవరు కొంటారు' అన్న ఒక్క కొలతతోనే చూసి ఉంటే తేలియా రుమాలు ఈపాటికి మ్యూజియం అద్దాల వెనకే ఉండేది. 'ఈ పని నా చేతిలో ఇంకా బతికే ఉందా' అన్న రెండో ప్రశ్న వేసుకున్నారు కాబట్టి మిగిలింది.

మరుసటి ఏడాది, 2021లో, ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ప్రపంచవ్యాప్తంగా ఎంపికచేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పోచంపల్లి ఒకటిగా నిలిచింది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చి భూదానోద్యమానికి శ్రీకారం చుట్టిన ఊరది. రాబడి లేని రెండేళ్లలో ఈ ప్రాంతానికి రెండు గౌరవాలు. ఆదాయం సున్నా, రాజపూజ్యం నిండుగా!

అయితే ఇవన్నీ ఊరికి దక్కినవి. ఒక్క మనిషి, ఒక్క ఇల్లు తన ఏడాదిని ఎలా కొలుచుకోవాలి? ఆ జవాబు కోసం ఆలేరు దగ్గరి శారాజీపేట వెళ్లాలి.

తొమ్మిది వేల సార్లు

పోచంపల్లి చీర నేయడానికి ముందు ఒక పని ఉంది. పేరు ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన చట్రానికి ఒక చివర నుంచి ఇంకో చివరకు దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు అలా సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. అయిదారు గంటల పని. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది. భుజం లాగేస్తుంది, మోచెయ్యి పట్టేస్తుంది, సన్నటి దారం మీద చూపు నిలిపి కళ్లు మండుతాయి. మజూరీ లెక్కలో మాత్రం ఆ నొప్పికి ప్రత్యేకంగా గడి లేదు.

చింతకింది మల్లేశం చిన్నప్పటి నుంచీ చూసింది ఆ నొప్పినే. తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. ఇంటి పరిస్థితి బాగోక హైస్కూలు దాటకముందే చదువు ఆగిపోయి ఆయనా మగ్గం పని పట్టారు. అమ్మ చెయ్యి చేసే పనిని మిషన్‌తో చేయించాలన్న ఆలోచనతో 1992లో ప్రయత్నం మొదలుపెట్టారు. ఇంజినీరింగ్ చదువు లేదు, ఎలక్ట్రానిక్స్ తెలీదు, చేతిలో డబ్బు లేదు. కొంత సంపాదించి ఒక భాగం చేయించడం, అది పనిచేయకపోతే మళ్లీ సంపాదించడం, మళ్లీ ఇంకోటి చేయించడం... ఇలా ఏళ్లు గడిచాయి. అప్పులయ్యాయి. ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. ఇక చాలు, మానెయ్యమన్నవాళ్లున్నారు.

బతుకుతెరువు కోసం హైదరాబాద్ చేరి కరెంటు పనులు చేసుకుంటూ కూడా ఆయన మిషన్‌ను వదల్లేదు. దాదాపు అన్ని కదలికలూ కుదిరాయి. మేకుల చుట్టూ దారాన్ని తిప్పే ఒక్క కదలికే కుదరలేదు. 1999లో బాలానగర్‌లోని ఒక వర్క్‌షాపుకు వైరింగ్ పని మీద వెళ్లినప్పుడు అక్కడ ఒక యంత్రం కదలిక చూసి చటుక్కున చిక్కు విడిపోయింది. ఆ రోజు పని మానేసి, అలాంటి భాగాన్ని చేయించి తన మిషన్‌కు బిగించారు. పనిచేసింది!

అయిదారు గంటల పని గంటన్నరకు దిగింది. మిషన్‌కు అమ్మ పేరే పెట్టారు... లక్ష్మీ ఆసు యంత్రం. పల్లె ఆవిష్కర్తలను వెతికిపట్టే పల్లెసృజన, నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ వంటి సంస్థల తోడ్పాటుతో అది బయటి ప్రపంచానికి తెలిసింది. 2009లో జాతీయ పురస్కారం, 2017లో పద్మశ్రీ వచ్చాయి. 2019లో ఆయన కథ 'మల్లేశం' పేరుతో సినిమాగా కూడా వచ్చింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి 1992 నుంచి 1999 దాకా చూడండి. ఏడేళ్లు. ఏ ఏడాది డిసెంబరులో లెక్క చూసినా ఆదాయం లేదు, వ్యయం మాత్రం ఉంది. వ్యాపారం కొలతతో చూస్తే వరసగా ఏడు ఓటములు. కానీ కొలత వేరే ఉంది. నిరుడు కుదరని కదలిక ఈ ఏడు కుదిరిందా? అమ్మ భుజానికి ఇంకెంత దూరంలో ఉన్నాం? ఆ కొలతతో చూస్తే ఏడేళ్లలో ఏదీ పూర్తిగా వట్టిపోలేదు. ఒక్కో ఏడాది ఒక్కో భాగాన్ని జతచేసింది. చివరి భాగం కలిసిన రోజును మాత్రమే ప్రపంచం విజయమని పిలిచింది.

కొలత ఎవరిది?

ఇక్కడే ఒక తేడా ఉంది. చీర ధర, ముడి పట్టు రేటు, పెళ్లి ముహూర్తాలు, బజారులో చవగ్గా దొరికే ప్రింటెడ్ పాలిస్టర్ 'పోచంపల్లి' చీరలు... ఇవేవీ నేతగాడి చేతిలో లేవు. చేతిలో లేనివాటితో తనను కొలుచుకునే మనిషి మంచి ఏడాదిలో లేనిపోని గొప్పకు పోతాడు, చెడ్డ ఏడాదిలో లేనిపోని నింద మోస్తాడు. రెండూ న్యాయం కాదు.

2010లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు క్లేటన్ క్రిస్టెన్సన్ చదువు ముగించుకుని వెళ్తున్న విద్యార్థుల ముందు ఈ ప్రశ్నే పెట్టారు. అప్పుడాయన క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. కంపెనీలను కొలవడం నేర్పిన మనిషి, మీ జీవితాన్ని దేంతో కొలుస్తారో ముందే తేల్చుకోండని చెప్పారు. తర్వాత అదే పేరుతో పుస్తకమూ వచ్చింది. వెంటనే ఫలితం కనిపించే పనికే మనిషి తన శక్తినంతా పోస్తాడని, ఏళ్లు గడిస్తేగానీ ఫలితం కనిపించని ఇల్లూ పిల్లలూ వెనకబడిపోతారని ఆయన హెచ్చరిక. మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమానికైనా, జడ్చర్ల కిరాణా కొట్టాయనకైనా, నల్గొండ బత్తాయి వ్యాపారికైనా వర్తించే మాటే.

మరి సొంత కొలత ఎలా ఉండాలి? మగ్గం నేర్పే పద్ధతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, అది మన చేతిలో ఉండాలి. 'ఈ ఏడు లక్ష మిగలాలి' అన్నది బజారు చేతిలో ఉంది. 'ఈ ఏడు ఒక కొత్త డిజైన్ గ్రాఫ్ కాగితం నుంచి మగ్గం దాకా తేవాలి' అన్నది మన చేతిలో ఉంది.

రెండోది, ముందే గీసుకోవాలి. రాయి విసిరేశాక, అది పడ్డచోట గీత గీసి 'ఇక్కడికే విసిరాను' అంటే ఎవరూ నమ్మరు. ఏడాది చివర నష్టం చూసుకుని 'పోన్లే, అనుభవం వచ్చింది' అనుకోవడం కొలత కాదు, ఓదార్పు. ఉగాదికో, దసరా నాడు మగ్గానికి పూజ చేసినప్పుడో రాసి పెట్టుకుంటే అది కొలత.

మూడోది, లెక్కకు అందాలి. 'బాగా పనిచేయాలి' అంటే ఎంత అన్నది తెలీదు. మగ్గం ఆడిన రోజులెన్ని, పనిలో పెట్టుకున్న కుర్రాడికి నేర్పిన పనులెన్ని, చెప్పిన తేదీకి ఇచ్చిన సరుకెంత అన్నవి లెక్కపెట్టొచ్చు.

నాలుగోది, అందులో తప్పే వీలుండాలి. ఎలాగూ జరిగిపోయేదాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే సంతోషం వస్తుందేమో, బలం రాదు.

అయిదోది మాట. నష్టం వచ్చిన ఏడాదే మనిషి మాటకు అసలు పరీక్ష. నూలు దుకాణానికి ఇవ్వాల్సిన బాకీలో కొంతైనా తీర్చామా? కండెలు చుట్టిన ఇంటి పక్కామెకు ఇవ్వాల్సింది ఇచ్చామా? వడ్డీకి కొత్త అప్పు చేయకుండా నెగ్గుకొచ్చామా? పంచాంగంలోని నాలుగో గడి, అవమానం, తగ్గేది ఇక్కడే. కష్టకాలంలో నిలబెట్టుకున్న పరపతే మళ్లీ గిరాకీ వచ్చినప్పుడు మొదటి పెట్టుబడి అవుతుంది. నూలు అప్పుగా ఇచ్చేవాడు ముందు చూసేది నిరుటి లాభాన్ని కాదు, నిరుటి మాటనే.

గౌరవం కూడు పెట్టదు

ఇంతా చెప్పాక ఒక నిజం దాచకూడదు. సొంత కొలత ఆకలికి మందు కాదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో ఉన్నవారు 35 లక్షలకు పైనే. ఆ నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల ఇళ్లలో నెల రాబడి 5 వేల రూపాయల లోపే. అలాంటి ఇంటికి వెళ్లి 'డబ్బుదేముంది, కళ బతికింది కదా' అనడం ఎగతాళి. 'ఆత్మసంతృప్తి' అన్న మాట మజూరీ పెంచకుండా ఉండటానికి సాకుగా మారితే అది ఇంకా అన్యాయం. ఆదాయం, వ్యయం గడుల్ని పంచాంగం కొట్టేయలేదు. వాటినే ముందు రాసింది. వాటి పక్కన ఇంకో రెండు గీసింది, అంతే.

మల్లేశం కథ కూడా చివరికి చెప్పేది అదే. అమ్మ భుజం నొప్పి సొంత కొలత. కానీ అది తీరాక ఫలితం డబ్బు లెక్కలోకీ వచ్చింది. ఆసుకు పట్టే గంటలు తగ్గితే అదే రోజులో ఎక్కువ చీరలకు దారం సిద్ధమవుతుంది. చెయ్యి అలసిపోక ఇంకో పని చేసుకోవచ్చు. మనిషి కొలత సరిగ్గా పెట్టుకుంటే డబ్బు కొలత ఆలస్యంగానైనా దాని వెంట రావచ్చు. రాకపోయినా, ఆ ఇంట్లో ఒక భుజం నొప్పి లేకుండా నిద్రపోతుంది. దాన్ని నష్టం అనగలమా?

పిల్లలున్న ఇళ్లలో ఈ లెక్కకు మరో అవసరం ఉంది. నాన్న దుకాణం మూసి ముఖం వేలాడేసుకుని వస్తే పిల్లలకు అర్థమయ్యేది ఒక్కటే... ఈసారి మనం ఓడిపోయాం. నిజంగా ఏం పోయింది, ఏం నిలిచింది అన్నది వాళ్లకు ఎవరూ చెప్పరు. మజూరీ తక్కువని, సంబంధాలు కుదరడం లేదని నేత ఇళ్ల పిల్లలు మగ్గం దిగి పట్నం బాట పడుతున్నారు. వెళ్లడం తప్పు కాదు. తమ ఇంటి పని చేతకానితనమని నమ్మి వెళ్లడమే నష్టం. అమ్మ ఒక రోజులో తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించిందని తెలిసిన పిల్లవాడు ఎక్కడికెళ్లినా తలదించుకోడు.

కాబట్టి ఈసారి లెక్కల పుస్తకం కొత్తగా మొదలుపెట్టేటప్పుడు చివరి పేజీలో ఇంకో రెండు గడులు గీసి చూడండి. ఒకదాంట్లో ఈ ఏడు ఏం నేర్చుకోవాలో, ఎవరి భారం తగ్గించాలో రాయండి. రెండోదాంట్లో ఏ బాకీ, ఏ మాట మిగలకూడదో రాయండి. ఇంట్లోవాళ్లందరికీ చదివి వినిపించండి. గిరాకీ బజారు ఇష్టం. ఆ పేజీ మాత్రం మీ ఇష్టం.